నాలుగో వంతు కొలత హాక్ టర్బైన్ జెట్ మోడల్: కట్టడం, అమర్చడం, ఎగరడానికి సిద్ధం చేయడం – తరచుగా అడిగే ప్రశ్నలు

హాక్‌నే ఎందుకు ఎంచుకోవాలి?

హాక్ ఒక శిక్షణ జెట్ విమానం. రిమోట్‌తో ఎగరేసే పెద్ద జెట్ మోడళ్లలో మాట వినే ఆకారం ఇది. రెక్క పెద్దది, ప్రధాన చక్రాల మధ్య దూరం ఎక్కువ, ముక్కు పొడుగు కాబట్టి బ్యాటరీలకు చోటుంటుంది. పైగా మనకు దగ్గరి విమానం. భారత వైమానిక దళం 2008 నుంచి వాడుతున్న హాక్ ఎంకే 132 శిక్షణ కేంద్రం బీదర్‌లోనే ఉంది. వైమానిక దళ విన్యాసాల బృందం సూర్యకిరణ్ 2015 నుంచి ఎగరేస్తున్నది కూడా దీన్నే. ఎరుపు తెలుపు రంగులు ఆకాశంలో బాగా కనిపిస్తాయి. దూరంగా ఉన్న విమానం ఏ వైపు వంగిందో తెలియడానికి అది అందం కన్నా ముఖ్యం.

అసలు విమానం పొడవు 12.43 మీటర్లు. రెక్కల చివర లాంచర్లతో కలిపి వెడల్పు 9.94 మీటర్లు. నాలుగో వంతుకు దించితే పొడవు సుమారు 3.1 మీటర్లు, వెడల్పు 2.5 మీటర్ల లోపు, రెక్క వైశాల్యం కొంచెం అటూ ఇటూగా 1.04 చదరపు మీటర్లు. ఇంధనం లేకుండా 19–20 కేజీలు, నింపాక 24 కేజీల దాకా తూగుతుంది. కింద చెప్పే లెక్కలన్నీ ఈ కొలతకే.

నా మొదటి జెట్‌గా దీన్ని కట్టవచ్చా?

వద్దు. ముందు 10 కేజీల లోపు స్పోర్ట్ జెట్‌ను ఒక సీజనంతా నడపండి. ఇంజన్ స్టార్ట్ చేయడం, ఇంధనం నింపడం, గాలి బుడగలు తీయడం చేతికి అలవాటయ్యాక దీని దగ్గరికి రండి. ఈ పరిమాణంలో తప్పులు కొత్తవేమీ కావు, ఖరీదు మాత్రం ఎక్కువ.

ఇంజన్ ఎంత థ్రస్ట్‌ది తీసుకోవాలి?

థ్రస్ట్ అంటే ఇంజన్ ముందుకు తోసే బలం. 18 కేజీల తరగతి సరిపోతుంది. జెట్‌క్యాట్ పి180, కింగ్‌టెక్ కె180 లాంటివి ఈ వర్గం. 24 కేజీల విమానానికి అది 0.75 థ్రస్ట్-బరువు నిష్పత్తి. హాక్‌ను అసలు విమానంలా ఎగరేయడానికి ఇదే ఎక్కువ.

అయితే మన దగ్గర ఒక తిరకాసు ఉంది. తయారీదారు రాసే థ్రస్ట్ సముద్ర మట్టం దగ్గర, 15 డిగ్రీల ఉష్ణోగ్రతలో కొలిచింది. హైదరాబాద్ 540 మీటర్ల ఎత్తులో ఉంది. మార్చి మధ్యాహ్నం 35 డిగ్రీలుంటే గాలి సాంద్రత ఆ ప్రామాణికం కన్నా 12 శాతం తక్కువ. 18 కేజీల ఇంజన్ అక్కడ 16 కేజీల లోపే ఇస్తుంది. రెక్క లేపే బలమూ అంతే తగ్గుతుంది, అంటే టేకాఫ్ పరుగు రెండు వైపుల నుంచీ పెరుగుతుంది. విశాఖలో డిసెంబరు ఉదయం చక్కగా లేచిన విమానం హైదరాబాద్ ఎండలో రన్‌వే చివరిదాకా లాగిందంటే కారణం ఇదే, ఇంజన్ లోపం కాదు. గడ్డి మైదానమైతే 21–22 కేజీల తరగతికి వెళ్లండి. అంతకు మించితే బరువు, ఇంధనం పెరగడమే తప్ప లాభం లేదు.

పెట్టె విప్పగానే మొదట ఏం చేయాలి?

జిగురు డబ్బా తెరవకండి. ముందు అన్ని భాగాలూ పొడిగా జతచేసి చూడండి. రెక్క గొట్టం రెండు వైపులా పూర్తిగా దిగుతోందా, రెండు రెక్కల కోణం ఒకటేనా, వెనక తోక రెక్కలు రెండూ ఒకే ఎత్తులో ఉన్నాయా చూడాలి. ఇన్సిడెన్స్ మీటరుతో (రెక్క కోణం కొలిచే సాధనం) రెండు రెక్కల మధ్య తేడా 0.3 డిగ్రీలు దాటకూడదు. తర్వాత ఫ్యాక్టరీ అతికించిన ప్రతి చెక్క ఫ్రేమును బొటనవేలితో గట్టిగా నొక్కండి. టిక్ మని చప్పుడొస్తే అక్కడ జిగురు పట్టలేదు. ఖరీదైన కిట్లలోనూ ఒకటి రెండు చోట్ల ఇది దొరుకుతుంది. ఎక్కువగా ఇంజన్ పట్టాల దగ్గర, ముందు గేరు (చక్రం కాలు) ఫ్రేము దగ్గర. ఆ రెండూ విడిపోతే విమానం పోయినట్టే.

ఏ జిగురు, ఎలా?

నిర్మాణ భాగాలన్నిటికీ హైసాల్ 9462 తరహా చిక్కటి ఎపాక్సీ, లేదా 24 గంటల్లో గట్టిపడే లామినేటింగ్ ఎపాక్సీలో కాటన్ ఫ్లాక్ కలిపిన ముద్ద. 5 నిమిషాల ఎపాక్సీ వేడికి మెత్తబడుతుంది. ఎండలో నిలబెట్టిన ముదురు రంగు విమానం లోపలే 60 డిగ్రీలు దాటుతుంది, ఇంజన్ గదిలో ఇంకా ఎక్కువ. కాబట్టి దాన్ని తాత్కాలికంగా పట్టి ఉంచడానికి తప్ప వాడకండి.

ఫైబర్ లోపలి మెరుపు మీద ఏ జిగురూ నిలవదు. 80 నంబరు గరుకు కాగితంతో మెరుపు పూర్తిగా పోయేదాకా రుద్ది, అసిటోన్‌తో తుడిచి, గుడ్డ శుభ్రంగా వచ్చేదాకా మళ్లీ తుడవాలి. తర్వాత వేలు పెట్టకూడదు. ఫినోలిక్ హార్న్‌లకూ (కదిలే పలకలకు రాడ్డు తగిలించే కొమ్ములు) ఇదే పద్ధతి. హార్న్ దిగే గాడి వెనక చెక్క దిమ్మె ఉందో లేదో చిన్న రంధ్రం చేసి చూశాకే అతికించండి. పల్చటి ఫైబర్ పొరకే అంటుకున్న హార్న్ కొన్ని ఫ్లైట్ల తర్వాత పొరతో సహా ఊడొస్తుంది.

ఇంజన్, టెయిల్ పైపు అమరిక?

టెయిల్ పైపు అంటే ఇంజన్ వేడి గాలిని తోక దాకా మోసే గొట్టం. ఇంజన్‌ను నాలుగు ఎం4 బోల్టులతో పట్టాలకు బిగించాలి, మరలకు నీలి థ్రెడ్‌లాక్ వేయాలి. చెక్క స్క్రూలు వద్దు. ఇంజన్ నాజిల్‌కూ పైపు మూతికీ మధ్య దూరం తయారీదారు పుస్తకంలో ఉన్నంతే ఉంచాలి, కంటి అంచనా పనికిరాదు. దూరం తగ్గితే పక్కల నుంచి చల్లగాలి లోపలికి లాగబడదు, పైపు ఎర్రబడుతుంది. పెరిగితే వేడి గాలి ఇంజన్ గదిలోకే వెనక్కి కొడుతుంది.

అన్నిటికన్నా ముఖ్యం నాజిల్, పైపు ఒకే మధ్య గీతలో ఉండటం. ముందు నుంచి లైటు వేసి వెనక నుంచి చూస్తే నాజిల్ వలయం పైపు మధ్యలో కనిపించాలి. 3–4 మిమీ పక్కకు జరిగినా పైపు ఒక వైపే కాలి నీలి మచ్చ పడుతుంది. మొదటి పరీక్ష తర్వాత పైపు రంగు చూడండి. చుట్టూ ఒకేలా బంగారు రంగుకు తిరిగితే అమరిక బాగుంది. పైపును ముందు చివర గట్టిగా బిగించి, వెనక చివర జారేలా వదలాలి, వేడికి అది పొడవు పెరుగుతుంది. రెండు చివరలా బిగిస్తే మడత పడుతుంది.

ఇంధన వ్యవస్థ ఎలా కట్టాలి? ఎక్కడ తప్పు జరుగుతుంది?

జెట్ మోడళ్లు గాల్లో ఆగిపోవడానికి ఇంజన్ దాదాపు ఎప్పుడూ కారణం కాదు, దానికి అందాల్సిన కిరోసిన్‌లో గాలి చేరడం కారణం. అందుకే ఈ జవాబు పొడుగు.

వరుస ఇది: ప్రధాన ట్యాంకు (4 నుంచి 4.5 లీటర్లు), అక్కణ్నుంచి గాలి బుడగలను పట్టి ఉంచే ఎయిర్ ట్రాప్ అనే చిన్న హెడర్ ట్యాంకు, తర్వాత పంపు, ఫిల్టరు, షటాఫ్ వాల్వు, ఇంజన్. పంపు, వాల్వులు ఇంజన్ లోపలే ఉండే మోడళ్లలో ఎయిర్ ట్రాప్ నుంచి నేరుగా ఇంజన్‌కే గొట్టం వెళ్తుంది.

పంపు లాగే వైపు గొట్టం 6 మిమీ బయటి వ్యాసం ఉండాలి. తోసే వైపు 4 మిమీ చాలు. 18 కేజీల ఇంజన్ పూర్తి థ్రాటిల్‌లో నిమిషానికి 580 మి.లీ. దాకా తాగుతుంది. అంత ఇంధనాన్ని సన్న గొట్టంలోంచి లాగితే గొట్టం లోపల పీడనం పడిపోయి, ద్రవంలో కరిగిన గాలి బయటికొచ్చి బుడగలవుతుంది. ఎక్కడా లీకు ఉండదు, బుడగలు మాత్రం వస్తూనే ఉంటాయి. రెండు రోజులు లీకు వెతికి విసిగిపోయేవాళ్లలో సగం మంది సమస్య ఇదే.

లాగే వైపు నిజంగానే లీకు ఉంటే అది ఇంధనం కారదు, గాలిని పీలుస్తుంది. అందుకే తడి ఎక్కడా కనిపించదు. పుష్‌ఫిట్ కనెక్టర్లలోకి వెళ్లే గొట్టాన్ని కొత్త బ్లేడుతో నిటారుగా కోయాలి. చివరి 15 మిమీ మీద గీతలుంటే అంతవరకు కోసి పారేయండి. ఒకే చివరను పదిసార్లు పీకి పెట్టినా అదే పరిస్థితి. టైగాన్ (మెత్తటి ప్లాస్టిక్) గొట్టం ఇత్తడి నాజిల్ మీద ఎక్కిన ప్రతి చోటా సన్న స్టీలు తీగతో రెండు చుట్లు బిగించాలి. ప్లాస్టిక్ ట్యాగు గుండ్రంగా నొక్కదు, తాళం దగ్గర సందు వదులుతుంది.

సిలికాన్ గొట్టం అసలే వద్దు. గ్లో ఇంజన్ల నుంచి వచ్చినవాళ్లు అలవాటుగా వాడతారు. కిరోసిన్ దాన్ని ఉబ్బించి మెత్తబరుస్తుంది, నాలుగు రోజుల్లో జారిపోతుంది.

ట్యాంకు లోపల ఇంధనం లాగే క్లంక్ గొట్టం (చివర బరువు ఉన్నది) ట్యాంకు వెనక గోడకు తగలకుండా 5 మిమీ ఎడం ఉండాలి, అన్ని వైపులకూ స్వేచ్ఛగా ఊగాలి. రెండు ట్యాంకులు పెడితే పక్కపక్కన సమాంతరంగా కాకుండా ఒకదాని వెనక ఒకటి వరుసగా కలపండి. సమాంతరంగా కలిపితే ఒకటి ముందు ఖాళీ అయి అక్కణ్నుంచి గాలే వస్తుంది, రెండోది నిండుగా ఉన్నా ఇంజన్ ఆగుతుంది.

ట్యాంకులోకి బయటి గాలిని పంపే వెంట్ గొట్టం లోపలి రంధ్రం 4 మిమీకి తగ్గకూడదు. నింపాక వెంట్‌కు పెట్టిన మూత తీయడం మరిచిపోతే పంపు ట్యాంకును లోపలికి లాగి నలిపేస్తుంది. మూతకు పొడవాటి ఎర్ర రిబ్బను కట్టండి.

బిగించే ముందు ట్యాంకును నీళ్లలో ముంచి, సిరంజితో నెమ్మదిగా గాలి పెట్టి చూడండి. 0.1 బార్ దాటించొద్దు, కెవ్లార్ ట్యాంకు అతుకు విచ్చుకుంటుంది.

ఎయిర్ ట్రాప్‌లో ఎంత గాలి కనిపిస్తే భయపడాలి?

ఫ్లైట్ తర్వాత ట్రాప్ పైభాగంలో బఠాణీ గింజంత బుడగ ఉంటే ఫర్వాలేదు. ట్రాప్‌లో పావు వంతు ఖాళీ అయితే ఆ రోజుకు ఎగరడం ఆపండి. ట్రాప్‌ను ఇంజన్ గదికి దూరంగా, హ్యాచ్ తీయగానే కనిపించే చోట పెట్టండి. కనిపించని ట్రాప్‌ను ఎవరూ చూడరు.

ఇంధనం ఏది? నూనె ఎంత?

జెట్ ఎ-1 లేదా శుభ్రమైన తెల్ల కిరోసిన్, దానిలో 5 శాతం టర్బైన్ నూనె. 20 లీటర్ల క్యానుకు 1 లీటరు మొబిల్ జెట్ ఆయిల్ 2 లేదా ఏరోషెల్ 500. ఈ నూనే బేరింగులకు దక్కే ఏకైక తడి, కాబట్టి నూనె కలిపిన క్యాను మీద తేదీతో సహా రాసి పెట్టండి. నూనె లేని క్యానుతో ఒక్క ఫ్లైట్ చేసినా బేరింగులు పోతాయి. చాలా ఇంజన్లు డీజిల్‌తోనూ నడుస్తాయి, పొగ, వాసన కొంచెం ఎక్కువ. పుస్తకం ఒప్పుకుంటేనే వాడండి.

రేషన్ షాపు నీలి కిరోసిన్ తేవొద్దు. అది రాయితీ సరుకు, దారి మళ్లించడం నేరం. నాణ్యత కూడా ఇంజన్‌కు సరిపోదు.

క్యాను అడుగున ఎప్పుడూ కొంచెం నీరు, తుక్కు చేరతాయి. చివరి అర లీటరు విమానంలోకి పంపకండి. నింపే పంపుకు ఒక ఫిల్టరు, విమానంలో మరొకటి.

సర్వోలు ఎన్ని, ఎంత బలం?

సర్వో అంటే రెక్కల పలకలను కదిపే చిన్న మోటారు. హాక్ వెనక తోక రెక్కలు మొత్తంగా కదిలే రకం. వాటికి ఒక్కోదానికి ఒక్కో సర్వో, 7.4 వోల్టుల దగ్గర కనీసం 35 కేజీ-సెంమీ, లోహపు గేర్లతో. ఎయిలరాన్లకు (పక్కకు వంచే రెక్క పలకలు) 20–25, ఫ్లాప్‌లకు (నెమ్మదిగా దిగడానికి దించే రెక్క పలకలు) 30, రడ్డర్‌కు (నిలువు తోక పలక) 20, ముందు చక్రానికి 15–20. ఎయిర్‌బ్రేక్‌కు ఇంకొకటి. మొత్తం తొమ్మిది.

బలం కన్నా వదులు ముఖ్యం. తోక రెక్క అంచు పట్టుకుని కదిపితే 0.5 మిమీ దాటి ఆడకూడదు. ఎయిలరాన్‌కు 1 మిమీ వరకు. ఆట ఉన్న తోక రెక్క వేగం పెరగగానే వణకడం మొదలుపెడుతుంది, ఒక సెకను లోపు సర్వో గేర్లు పోతాయి, ఆ తర్వాత చేసేదేమీ ఉండదు. ఆట ఎక్కువగా తోక రెక్క ఇరుసు బేరింగులో, లేదా ఇరుసు బిగించే గ్రబ్ స్క్రూ (తల లేని మర) దగ్గర పుడుతుంది. ఇరుసు మీద చదునైన గాడి అరగదీసి, గ్రబ్ స్క్రూ అక్కడ కూర్చునేలా చేయాలి. గుండ్రటి ఇరుసు మీద బిగించిన స్క్రూ ఎంత బిగించినా జారుతుంది.

సర్వో చేయి పొట్టిగా, హార్న్ పొడుగ్గా ఉండాలి. ట్రాన్స్‌మిటర్‌లో (చేతిలోని రిమోట్) సర్వో ప్రయాణం 60 శాతానికి కుదించాల్సి వస్తోందంటే చేయి మరీ పొడుగని అర్థం, సర్వో బలంలో దాదాపు సగం వృథా అవుతోంది. 3 మిమీ రాడ్లు, రెండు వైపులా బాల్ లింకులు, లోహపు చేతులు. ప్లాస్టిక్ చేతులు ఈ బరువుకు చాలవు.

బ్యాటరీలు, వైరింగు ఎలా?

మూడు వేర్వేరు శక్తి వనరులు ఉంటాయి, వీటిని కలపకూడదు. రిసీవర్, సర్వోలకు రెండు సెల్స్ లిపో లేదా లిథియం అయాన్ బ్యాటరీలు రెండు, ఒక్కోటి 3,500–4,000 ఎంఏహెచ్, పవర్‌బాక్స్ లాంటి జంట రెగ్యులేటర్ గుండా. ఇంజన్ ఈసీయూకు (ఇంజన్‌ను నడిపించే చిన్న కంప్యూటరు) తన బ్యాటరీ, సాధారణంగా మూడు సెల్స్, ఏ రసాయనమో ఇంజన్ పుస్తకంలో ఉన్నట్టే. గేరు, బ్రేకులకు ఇంకొకటి.

రెండు రిసీవర్ బ్యాటరీలకూ ఒకే స్విచ్చు, ఒకే ప్లగ్గు పెడితే జంట ఏర్పాటు పేరుకే మిగులుతుంది. ఒకటి పీకేసి రెండో దానితో అన్ని సర్వోలూ ఒకేసారి కదిపి చూడండి. తర్వాత రెండోది పీకేసి మళ్లీ. ఈ పరీక్షలో రిసీవర్ మిణుకుమన్నా ఎగరొద్దు.

సర్వోలు మామూలు ఫ్లైట్‌లో సగటున 2–3 ఆంపియర్లు వాడతాయి, గట్టిగా లాగినప్పుడు క్షణకాలం 15 దాటుతుంది. రెక్కలకు, తోకకు వెళ్లే తీగలు 20 లేదా 22 ఏడబ్ల్యూజీ మందం. మీటరు దాటిన సన్న తీగలో వోల్టేజి పడిపోయి చివర ఉన్న తోక సర్వోకే బలం తగ్గుతుంది. రెక్కల జాయింటు దగ్గర మల్టీప్లెక్స్ ఆకుపచ్చ ఆరు పిన్నుల ప్లగ్గులు వాడండి. సోల్డరు చేసిన ప్రతి పిన్నుకూ హీట్‌ష్రింక్ వేసి, తీగను 3 సెంమీ లోపల ఎక్కడో ఒక చోట కట్టండి. తెగేది సోల్డరు దగ్గర కాదు, దాని పక్కన, ఊగే చోట.

రిసీవర్ యాంటెన్నాలు కార్బన్ భాగాలకు, ఇంధన ట్యాంకుకు దూరంగా, ఒకదానికొకటి 90 డిగ్రీల్లో ఉండాలి. ఈసీయూ, పంపు తీగలను రిసీవర్ తీగలతో కలిపి కట్టొద్దు. రేంజి పరీక్ష ఇంజన్ ఆపి ఒకసారి, సగం థ్రాటిల్‌లో మరోసారి చేయండి. రెండింటి మధ్య తేడా వస్తే తీగల దారి మార్చాలి.

రిట్రాక్టులు (లోపలికి ముడుచుకునే చక్రాలు) గాలివా, విద్యుత్తువా?

ఈ బరువుకు విద్యుత్తువే. గాలి వ్యవస్థ తేలిక, చవక, కానీ 100–120 పీఎస్ఐ నిలబెట్టే పని ప్రతి ఆదివారం ఉంటుంది. చక్రాలకు అయస్కాంత బ్రేకులు పెట్టండి. బ్రేకు ఒకేసారి గట్టిగా పట్టకుండా అంచెలుగా పట్టేలా కంట్రోలర్‌లో అమర్చాలి.

ప్రధాన చక్రాలు కొంచెం లోపలికి తిరిగి ఉండాలి, ఒక్కోటి అర డిగ్రీ. బయటికి తిరిగితే పరుగులో విమానం అటూ ఇటూ వేటాడుతుంది. నేలమీద నిలబడినప్పుడు రెక్క కోణం సున్నా నుంచి ఒక డిగ్రీ పైకి ఉండాలి. ముక్కు వంగి నిలబడితే ఎంత వేగం వచ్చినా లేవదు. పైలట్ స్టిక్ మొత్తం లాగుతాడు, అప్పుడు ఒక్కసారిగా ఎగిరి స్టాల్ అవుతుంది, అంటే రెక్క లేపే బలం పోయి పడిపోతుంది. ముందు స్ట్రట్ స్ప్రింగు మెత్తబడితే కొన్ని నెలల తర్వాత ఈ జబ్బు దానంతటదే వస్తుంది.

ఎయిర్‌బ్రేక్ వెనక పొట్ట కింద ఉంటుంది. గేరు దించగానే అది మూసుకునేలా ట్రాన్స్‌మిటర్‌లో మిక్స్ చేయండి, లేదంటే దిగేటప్పుడు నేలకు గీసుకుంటుంది.

సీజీ (విమానం బరువు సమంగా తూగే బిందువు) ఎలా చూడాలి? 20 కేజీలు వేళ్ల మీద ఎత్తలేం కదా.

మూడు తూకం యంత్రాలు చాలు. ప్రధాన ట్యాంకు ఖాళీ, ఎయిర్ ట్రాప్ నిండుగా, బ్యాటరీలు అన్నీ లోపల. విమానాన్ని ఫ్యూజ్‌లాజ్ గీత సమంగా ఉండేలా నిలబెట్టి, మూడు చక్రాల బరువులు రాసుకోండి. ముందు చక్రం బరువును మొత్తం బరువుతో భాగించి, ముందు, ప్రధాన చక్రాల ఇరుసుల మధ్య దూరంతో గుణిస్తే, ప్రధాన చక్రాల ఇరుసుకు సీజీ ఎంత ముందుందో వస్తుంది.

ఉదాహరణకు ముందు చక్రం 2.9 కేజీలు, ప్రధాన చక్రాలు రెండూ కలిపి 17.1, మొత్తం 20, ఇరుసుల మధ్య 1,100 మిమీ అనుకుంటే, 2.9 ÷ 20 × 1,100 = సుమారు 160 మిమీ. అక్కణ్నుంచి రెక్క ముందు అంచుకు దూరం కొలిచి కిట్ పుస్తకంలోని అంకెతో పోల్చండి. ముందు గేరు ముందుకే ముడుచుకుంటుంది, కాబట్టి గాల్లో సీజీ 2–3 మిమీ ముందుకు జరుగుతుంది, అది మంచికే.

ఇంధనం వల్ల ఎంత జరుగుతుందో కూడా లెక్క వేయండి. 4.5 లీటర్లంటే 3.6 కేజీలు. ట్యాంకు మధ్యభాగం ఖాళీ సీజీకి 100 మిమీ ముందుంటే, నిండినప్పుడు సీజీ 15 మిమీ ముందుకు వెళ్తుంది. టేకాఫ్‌లో ముక్కు బరువు, దిగేటప్పుడు సరిగ్గా. ట్యాంకు సీజీ వెనక పడితే దీనికి తిరగబడి, నిండు ట్యాంకుతో తోక బరువై లేస్తుంది. అలాంటి అమరికను ఒప్పుకోవద్దు.

సీసం వేయాల్సి వస్తే ముందు బ్యాటరీలన్నీ ముక్కులోకి తోయండి. సాధారణంగా అర కేజీ లోపే పడుతుంది.

గైరో (విమానం ఊగితే తనంతట సరిదిద్దే పరికరం) అవసరమా?

తప్పనిసరి కాదు, పక్క గాలిలో ముందు చక్రానికి, రడ్డర్‌కు చాలా సాయం. పెట్టాక ప్రతి ఫ్లైట్ ముందూ దిశ చూడండి. ముక్కు చేత్తో పైకి ఎత్తితే గైరో తోక రెక్కను ముక్కు దించే వైపు తిప్పాలి. ఎడమ రెక్క కిందికి నెడితే ఎడమ ఎయిలరాన్ కిందికి రావాలి. తిరగబడిన గైరోతో లేచిన విమానాన్ని కాపాడిన పైలట్లు అరుదు.

ఫెయిల్‌సేఫ్ ఎక్కడ పెట్టాలి?

ఫెయిల్‌సేఫ్ అంటే రిమోట్ సిగ్నల్ తెగితే విమానం తనంతట చేసే పని. థ్రాటిల్ ఇంజన్ ఆపే స్థానంలో. ఐడిల్ (అతి తక్కువ వేగం) కాదు, పూర్తిగా ఆగాలి. ఈసీయూకు మూడు స్థానాలు నేర్పిస్తారు: ఆపు, ఐడిల్, పూర్తి. ఫెయిల్‌సేఫ్‌లో మొదటిదే రావాలి. విమానాన్ని కట్టేసి, ఐడిల్‌లో ఉంచి, ట్రాన్స్‌మిటర్ ఆర్పండి. రెండు సెకన్లలో ఇంజన్ ఆగకపోతే సెట్టింగు తప్పు.

మొదటి స్టార్ట్‌లో ఏమేం చెడతాయి?

కొత్త గొట్టాల్లో గాలి నిండి ఉంటుంది. ముందు ఇంజన్ దగ్గర గొట్టం తీసి, ఈసీయూ మెనూలో పంపును నడిపి, గాజు పాత్రలోకి బుడగల్లేకుండా వచ్చేదాకా ఇంధనం పోయించండి. గొట్టం ఇంజన్‌కు పెట్టి పంపును నడిపితే ఇంజన్ కిరోసిన్‌తో నిండిపోతుంది.

స్టార్టర్ తిరిగి, ఇగ్నైటర్ వేడెక్కినా ఉష్ణోగ్రత పెరగలేదంటే: ఇగ్నైటర్ పోయింది, లేదా ఈసీయూ బ్యాటరీ బలహీనం, లేదా ఇంధనం రాలేదు. వరుసగా మూడోసారి ప్రయత్నించొద్దు. ప్రతి విఫల ప్రయత్నం కొంత కిరోసిన్ లోపలే వదులుతుంది. ముక్కును పైకెత్తి, పైపు వెనక నుంచి అది కారిపోయాకే మళ్లీ మొదలెట్టండి. లేకపోతే తర్వాతి స్టార్ట్‌లో పైపు చివర రెండడుగుల మంట వస్తుంది.

అంటుకుని, వేగం పెరుగుతూ మధ్యలో ఆగితే ఎక్కువసార్లు అది గాలి బుడగే.

మంటలొస్తే?

కార్బన్ డయాక్సైడ్ సిలిండరు, కనీసం 2 కేజీలది, పిన్ను తీయడానికి సిద్ధంగా చేతికందే దూరంలో. ఇంజన్ లోపలి మంటకు ముందు ఇన్‌టేక్ వైపు నుంచి కొట్టాలి. పొడి రకం మంటను ఆర్పుతుంది కానీ ఇంజన్‌నూ చంపేస్తుంది. విమానమే అంటుకుంటే మాత్రం ఆలోచించకుండా ఏది దొరికితే అది వాడండి. లిపో అంటుకుంటే కార్బన్ డయాక్సైడ్ చాలదు, ఇసుక, నీళ్లు కూడా ఉంచండి. మే నెలలో ఎండు గడ్డి పక్కన స్టార్ట్ చేయకండి.

మనుషులు ఇంజన్ టర్బైన్ చక్రానికి పక్కగా, పైపు వెనక నిలబడకూడదు. స్టార్ట్ చేసేవాడు ముక్కు వైపు ఉండాలి.

ఇంజన్ ఆపగానే బ్యాటరీ తీయవచ్చా?

ఇంకా వద్దు. ఈసీయూ స్టార్టర్‌తో ఇంజన్‌ను తిప్పి 100 డిగ్రీల కిందికి చల్లబరుస్తుంది. మధ్యలో తీస్తే టర్బైన్ చక్రం వేడి బేరింగులకు పాకి, అక్కడి నూనె ఎండిపోతుంది.

రన్‌వే ఎంత కావాలి? ఎంత వేగంతో దిగుతుంది?

21 కేజీలతో దిగేటప్పుడు, ఫ్లాప్‌లు పూర్తిగా దించి, హైదరాబాద్ ఎండలో స్టాల్ వేగం లెక్కకు గంటకు 60 కిలోమీటర్ల దగ్గర వస్తుంది. దానికి 1.3 రెట్లు, అంటే గంటకు 80 దగ్గర చివరి మలుపు నుంచి దిగాలి. తారు లేదా సిమెంటు రన్‌వే 150 మీటర్లు కనీసం, 200 ఉంటే నిశ్చింత. ఎగరే ముందు రన్‌వే చీపురుతో ఊడవండి. ముందు చక్రం లేపిన గులకరాయి ఇన్‌టేక్‌లోకి వెళ్తే కంప్రెసర్ బ్లేడు వంగుతుంది. ఇంజన్ ముందు జాలీ ఉన్నా ఇసుకను ఆపదు.

టైమరు ఎన్ని నిమిషాలు?

నేలమీద నడపడానికి 300 మి.లీ. గాల్లో సగటు వాడకం నిమిషానికి 350 మి.లీ. అనుకుంటే 7 నిమిషాలకు 2.45 లీటర్లు. 4.5 లీటర్ల ట్యాంకులో 1.7 లీటర్లు మిగులుతాయి, రెండుసార్లు దిగకుండా మళ్లీ చుట్టడానికి అది చాలు. మొదట 6 నిమిషాలు పెట్టి, దిగాక ఎంత నింపాల్సి వచ్చిందో కొలిచి, అప్పుడు పెంచండి.

భారత్‌లో నిబంధనలు?

2021 డ్రోన్ నిబంధనల ప్రకారం 25 కేజీలు మించని, కంటికి కనిపించే దూరంలో, వినోదం, విద్య, పరిశోధన లాంటి పనులకు ఎగరేసేది మోడల్ విమానం. దీన్ని నడపడానికి టైప్ సర్టిఫికెట్ (ఆ నమూనాకు ప్రభుత్వ ఆమోదం) అక్కర్లేదు. బరువు గీత దాటకుండా చూసుకోండి, రంగు, సీసం కలిస్తే ఒక కేజీ తెలియకుండా పెరుగుతుంది. స్థలాన్ని ప్రభుత్వ డిజిటల్ స్కై వెబ్‌సైటు మ్యాపులో చూడాలి. గ్రీన్ జోన్‌లో పరిమితి 400 అడుగులు, విమానాశ్రయ సరిహద్దుకు 8–12 కి.మీ. మధ్య 200 అడుగులు. హైదరాబాద్ చుట్టూ శంషాబాద్, బేగంపేట, హకీంపేట, దుండిగల్ ఉన్నాయి, కాబట్టి అనుమతిలేని చోటే ఎక్కువ. లూప్ వేస్తే 400 అడుగులు ఇట్టే దాటుతాయని కూడా గుర్తుంచుకోండి.

పూర్తిగా కట్టిన, పూర్తిగా లేదా సగం విడదీసిన డ్రోన్ల దిగుమతిని డీజీఎఫ్‌టీ (విదేశీ వాణిజ్య డైరెక్టరేట్ జనరల్) 2022 ఫిబ్రవరి 9న నిషేధించింది, విడిభాగాలకు ఆ నిషేధం లేదు. మీ కిట్‌ను కస్టమ్స్ ఏ పద్దు కింద చూస్తుందో డబ్బు కట్టక ముందే ఏజెంటుతో తేల్చుకోండి. 2.4 గిగాహెర్ట్జ్ ట్రాన్స్‌మిటర్‌కు డబ్ల్యూపీసీ ఈటీఏ (కేంద్ర వైర్‌లెస్ విభాగం ఇచ్చే పరికర ఆమోదం) ఉండాలి.

అమెరికాలో ఉన్నవాళ్లకు?

ఎఫ్ఏఏ (అక్కడి విమానయాన సంస్థ) రిజిస్ట్రేషన్, ట్రస్ట్ అనే భద్రతా పరీక్ష అందరికీ. ఏఎంఏ (అక్కడి మోడల్ విమానాల సంఘం) క్లబ్బులో టర్బైన్ ఎగరేయాలంటే టర్బైన్ వేవర్ అనే అనుమతి కావాలి, వేగం గంటకు 200 మైళ్లు దాటకూడదు.

ప్రతి రోజు చివర ఏం చూడాలి? సర్వీసు ఎప్పుడు?

ట్యాంకు ఖాళీ చేయండి. గేరు బోల్టులు, తోక ఇరుసు గ్రబ్ స్క్రూలు, ఇంజన్ బోల్టులు చేత్తో తడిమి చూడండి. బ్యాటరీల్లోకి తిరిగి ఎన్ని ఎంఏహెచ్ ఎక్కాయో రాసి పెట్టండి. అదే ఫ్లైట్‌కు మామూలు కన్నా 30 శాతం ఎక్కువ ఎక్కిందంటే ఏదో సర్వో బిగుసుకుంటోంది.

ఈసీయూ లాగ్‌లో పంపు వోల్టేజి కూడా చూడండి. అదే ఆర్‌పీఎంకు నెలనెలా పెరుగుతూ ఉంటే ఫిల్టరు మూసుకుపోతోంది. ఇంజన్‌ను తయారీదారు చెప్పిన గంటలకు, చాలావాటికి 25, సర్వీసుకు పంపాలి. ఆపాక కంప్రెసర్‌ను వేలితో తిప్పితే గరుకుగా తగిలినా, చల్లబడేటప్పుడు గీకుడు శబ్దం వచ్చినా, గంటలు మిగిలి ఉన్నా పంపేయండి.